లండన్ గిల్డ్‌హాల్ కింద ఉన్న రోమన్ శిథిలాలను ఎలా చూడాలి

లండన్ నగర పాలక సంస్థ పాత భవనమైన గిల్డ్‌హాల్ పక్కనే ఉన్న గిల్డ్‌హాల్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళినప్పుడు లోపలికి అడుగు పెట్టకముందే బయటి ఆవరణలో నేలను పరిశీలించాలి. రాతి పరుపు మధ్యలో నల్లరాయితో వేసిన వంపు గీత ఒకటి కనిపిస్తుంది. దాదాపు ఎనిమిది మీటర్ల లోతున ఉన్న రోమన్ యాంఫీథియేటర్ (పోటీలు, ప్రదర్శనలు జరిగే గుండ్రటి బహిరంగ ప్రాంగణం) ఎంత మేర వ్యాపించి ఉండేదో ఆ గీత సూచిస్తుంది. దాని వెంట కాసేపు నడిచి, ఆ తరువాత మెట్లు దిగితేనే కింద మిగిలిన మొండి గోడలు ఎంత పెద్ద కట్టడంలోని భాగమో బోధపడుతుంది.

సా.శ. 70 ప్రాంతంలో కొయ్యతో కట్టిన ఈ ప్రాంగణానికి 2వ శతాబ్దపు తొలినాళ్ళలో రాతి గోడలు లేచాయి. 4వ శతాబ్దంలో ఇది పాడుబడింది. శతాబ్దాల మట్టి, కూలిన ఇళ్ళ శిథిలాలు పేరుకుని నేల మట్టం పెరిగింది. 1411లో మొదలైన గిల్డ్‌హాల్ నిర్మాణం ఆ పై మట్టం మీదే సాగింది. కొత్త గ్యాలరీ కోసం తవ్వుతుండగా 1988లో గోడలు బయటపడ్డాయి. వాటిని తొలగించకుండా ఉన్నచోటే నిలిపి, 2002లో ప్రజలకు చూపించడం మొదలుపెట్టారు.

కింద ఉన్నది తూర్పు ద్వారం. దారికి ఇరుపక్కలా ఉన్న చిన్న గదులను చూశాక చాలామంది వెనుదిరుగుతారు. అలా తొందరపడకుండా నేలలో అమర్చిన అద్దం మీదికి వంగి చూడండి. వాన నీటిని బయటికి పంపిన కొయ్య కాలువ అక్కడ ఉంది. తడి మట్టి గాలిని దరిచేరనివ్వకపోవడం వల్లే ఆ పలకలు కుళ్ళిపోకుండా నిలిచాయి. నా దృష్టిలో ఆ గోడలకన్నా ఈ కాలువే విలువైనది. రాయి ఎక్కడైనా మిగులుతుంది, రోమన్ వడ్రంగి పని మిగలడం అరుదు. చుట్టూ వెలిగే ఆకుపచ్చ ఆకృతులు మాత్రం నేటి కాలపు కల్పనలని గుర్తుంచుకోవాలి.

అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగిన దూరంలోనే, బ్లూమ్‌బర్గ్ సంస్థ భవనం కింద, రోమన్లు కొలిచిన మిత్ర (మిథ్రస్) అనే దేవుడి ఆలయం ఉంది. దానిని వేరే దృష్టితో చూడాలి. 1954లో దొరికిన ఆ ఆలయాన్ని విడదీసి, 1962లో మరోచోట సిమెంటుతో పేర్చారు. తరువాత మళ్ళీ విప్పి, తొలి స్థలానికి దగ్గరగా తిరిగి నిలిపి 2017లో తెరిచారు. అందువల్ల అక్కడ ఏ రాయి పాతది, ఏ అతుకు కొత్తది అని సిబ్బందిని అడిగి తెలుసుకుంటూ చూడడం మంచిది. ప్రవేశం ఉచితమే అయినా, దానికి ముందుగా సమయం బుక్ చేసుకుని బయలుదేరండి.