టైల్ కింద డొల్ల లేకుండా గమ్ పట్టించడం ఎలా?

భీమవరం అయినా అమలాపురం అయినా, కొత్తగా గృహప్రవేశం అయిన ఇంటికి వెళ్లినప్పుడు వంటింటి నేల మీద రూపాయి బిళ్లతో కొట్టి చూడండి. ఎక్కడో ఒకచోట డొల్ల మోత వస్తుంది. ఇంటాయన టైల్‌ని తిడతాడు, మేస్త్రి టైల్ అంటించే సిమెంటు గమ్‌ని తిడతాడు. చాలాసార్లు ఆ రెంటికీ సంబంధం ఉండదు. టైల్ వెనక సగానికి గమ్ అంటుకోనే లేదు, అంతే.

ఈ జబ్బుకు మూలం మూలకో ముద్ద, మధ్యలో ఒక ముద్ద పెట్టి టైల్‌ని అద్దేసే అలవాటు. ముద్దల మధ్య ఖాళీ మీద గ్యాస్ సిలిండర్ దించితే టైల్ పగులుతుంది. బాత్రూంలో అయితే జాయింట్లలోంచి దిగిన నీళ్లు ఆ ఖాళీలోనే నిలుస్తాయి. మన డెల్టాలో కాస్త తవ్వితే నీళ్లు పడతాయి కాబట్టి చెమ్మ కింద నుంచి కూడా ఎక్కుతుంది. జాయింట్ల వెంట ఉప్పు తెల్లగా పూస్తుంది.

పొడి గదుల్లో టైల్ వెనక కనీసం 80 శాతం, తడి తగిలే చోట, బయట 95 శాతం గమ్ అంటాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. గోదావరి జిల్లాల్లో పొడి గది అనేదే లేదు. అన్నిచోట్లా 95 అనుకునే పని మొదలుపెట్టండి.

సామాను పెద్దగా లేదు. ఒక అంచుకు రంపంలా పళ్లున్న తాపీ, రసమట్టం, రబ్బరు సుత్తి, స్పేసర్లు, బకెట్, స్పాంజి, గమ్ కలపడానికి డ్రిల్లుకు తగిలించే కడ్డీ. గమ్ సంచి మీద టైల్ గమ్‌ల భారతీయ ప్రమాణం ఐఎస్ 15477 అని, పక్కన టైప్ ఎంతో రాసి ఉంటుంది. గట్టిగా కాల్చి, నీళ్లు దాదాపు పీల్చకుండా చేసిన విట్రిఫైడ్ టైల్స్‌కి టైప్ 1 కొనకండి.

గోడ ప్లాస్టరింగ్ బాగా ఆరాలి. పుట్టీ, రంగు ఉంటే గీకేయాల్సిందే. వాటి మీద అంటిస్తే గమ్ పట్టుకునేది గోడని కాదు, పుట్టీని. నేల ఎత్తుపల్లాలు ముందే మాలుతో సరిచేసుకోండి, గమ్‌తో కాదు. దుమ్ము ఊడ్చి, తడి స్పాంజితో ఒకసారి తుడవండి.

బకెట్లో ముందు నీళ్లు, తర్వాత పొడి. కొలత సంచి మీద ఉన్నదే. కలిపి ఐదు పది నిమిషాలు వదిలి, మళ్లీ కలపాలి. గట్టిపడుతోందని తర్వాత నీళ్లు పోయకండి. అంతర్వేది, నరసాపురం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మంచినీళ్లతోనే కలపండి.

టైల్ వెనక తెల్లటి పొడి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచేయండి. విట్రిఫైడ్ టైల్‌ని నీళ్లలో నానబెట్టే మేస్త్రులు ఇంకా ఉన్నారు. అది అర శాతం నీళ్లు కూడా పీల్చుకోదు, నానబెట్టి ఏం లాభం? సిమెంటు పాలు పోసి అంటించడం కూడా పాతకాలం పద్ధతే. నాపరాయికి, షాబాద్ బండకి అది చాలు. పీల్చుకోని టైల్‌ని సిమెంటు పాలు పట్టుకోలేవు. ఇది చెప్పినప్పుడల్లా "మా నాన్నగారి కాలం నుంచీ ఇలాగే వేస్తున్నాం" అంటారు. వాళ్ల నాన్నగారు వేసింది విట్రిఫైడ్ కాదు.

ఇక అసలు పని. ఇక్కడే అందరూ తొందరపడతారు.

ముందు తాపీ చదును అంచుతో పలచటి పూత గట్టిగా అదిమి పట్టించండి. దాని మీద ఇంకాస్త గమ్ వేసి పళ్ల వైపుతో గీయండి. గీతలన్నీ ఒకే దిక్కుకి, దుక్కిలో చాళ్లలా నేరుగా ఉండాలి. గుండ్రంగా, ముగ్గు వేసినట్టు తిప్పారంటే టైల్ పెట్టగానే గాలి లోపల చిక్కుకుంటుంది, ఎంత కొట్టినా బయటికి రాదు. పొడవాటి టైల్ అయితే గీతలు పొట్టి వైపుకి సమాంతరంగా గీయండి. గాలికి దారి దగ్గరవుతుంది.

పళ్ల సైజు చిన్న గోడ టైల్స్‌కి 6 నుంచి 8 మి.మీ., రెండడుగుల టైల్‌కి 10, అంతకు మించితే 12. పది మి.మీ. పళ్లతో గీసినా, నొక్కాక కింద మిగిలేది అందులో సగమే, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. రెండడుగులు, ఆపై టైల్స్‌కి వెనక కూడా పలచగా గమ్ పూయాలి. గమ్ దండగ అంటారు. పూయకుండా వేస్తానంటే ఆ మేస్త్రికి బాత్రూం ఇవ్వకండి.

టైల్ పెట్టాక సుత్తి తీసుకోకండి. రెండు చేతులతో అదిమి, గీతలకు అడ్డంగా కొద్దిగా ముందుకీ వెనక్కీ జరపండి. నిలబడిన గమ్ వరసలు కూలి, మధ్య ఖాళీల్లో నిండేది అప్పుడే. నేరుగా పైనుంచి కొడితే వరసలు అలాగే ఉండి, వాటి తలలు మాత్రమే అంటుకుంటాయి. సుత్తి మట్టం సరిచేయడానికి మాత్రమే.

ఒకేసారి రెండు మూడు టైల్స్‌కి మించి గమ్ పరచకండి. సంచి మీద ఇరవై నిమిషాలని ఉన్నా, రోహిణి కార్తె ఎండలో, ఫ్యాన్ కింద అంతసేపు ఆగదు. పైన పొర కడుతుంది. వేలితో తాకండి. వేలికి అంటకపోతే గీకి పారేయండి. నీళ్లు చిలకరించి బతికిద్దామని చూడకండి.

అంతా బాగానే ఉందనిపించినా మొదటి టైల్‌ని వెంటనే ఎత్తి వెనక చూడండి. ఆ తర్వాత ప్రతి గదిలో మధ్యమధ్య ఒకటి ఎత్తండి. మూలలు, అంచులు ముఖ్యం, విరిగేది అక్కడే. వెనక పళ్ల గీతలు అలాగే కనిపిస్తే సరిగా అదమలేదు, లేదా పళ్లు చిన్నవి. టైల్ వెనక భాగం శుభ్రంగా కనిపిస్తే గమ్ పొర కట్టింది.

పక్కపక్క టైల్స్ అంచులు ఒకే మట్టంలో పట్టి ఉంచే లెవలింగ్ క్లిప్పులతో ఇదంతా అక్కర్లేదంటారు. క్లిప్పు అంచుని పైకి లాగుతుంది. కింద గమ్ చాలకపోతే ఆ లాగుడుకే డొల్ల ఏర్పడుతుంది.

ఒక రోజు ఎవరూ నడవకుండా చూసుకోండి. జాయింట్లు పూడ్చే గ్రౌట్ పెట్టే ముందు బిళ్లతో అన్నీ కొట్టి చూడండి. మోత తేడాగా ఉన్నదాన్ని అప్పుడే ఊడదీయండి. చిల్లు పెట్టి సిమెంటు పాలు ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి.