బైపాస్‌కి వెళ్లేముందే మూడు బంతుల మిషన్ అలవాటు చేసుకోండి

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో గుండె ఆపరేషన్‌కి చెన్నై బయల్దేరేవాళ్లు రిపోర్టులు, ఆధార్ కార్డు, డబ్బు అన్నీ సర్దుకుంటారు. లోతుగా ఊపిరి పీల్చడం సాధన చేయించే మూడు బంతుల మిషన్‌ని, అంటే స్పైరోమీటర్‌ని, మాత్రం ఐసీయూలో మత్తు దిగీ దిగని స్థితిలో మొదటిసారి చూస్తారు. నేర్చుకోవడానికి అంతకంటే పాడు సమయం ఉండదు. డాక్టరుని అడిగి ముందే ఒకటి కొని ఇంట్లో సాధన చేయండి. బీడీ, సిగరెట్ ఈరోజే మానేయండి.

ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసే హార్ట్ లంగ్ మిషన్ నడిచినంతసేపూ ఊపిరితిత్తులు గాలి లేక ముడుచుకుని ఉంటాయి. ఆ తర్వాత కోసిన ఎదఎముక నొప్పికి మనిషి పైపైనే ఊపిరి తీస్తాడు, దగ్గు ఆపుకుంటాడు. దాంతో అడుగున ఉన్న గాలిగదులు మూసుకుపోతాయి, ముఖ్యంగా ఎడమవైపు. అక్కడ కఫం చేరితే నిమోనియాకి దారి.

ఎక్కువమంది గొట్టం నోట్లో పెట్టుకోగానే బుగ్గలు పూరించి ఊదేస్తారు. ఊదకూడదు, పీల్చాలి. నిటారుగా కూర్చుని, మిషన్ వంకర లేకుండా పట్టుకుని, ముందు మామూలుగా గాలి వదిలేసి, పెదాలు బిగించి కొబ్బరిబొండం స్ట్రాతో తాగినట్టు నిదానంగా లాగాలి. ఆ బంతుల పక్కన 600, 900, 1200 అని రాసి ఉంటుంది. సెకనుకి అన్ని మిల్లీలీటర్ల వేగంతో గాలి లాగితే ఆ బంతి లేస్తుంది. మూడూ ఒక్కసారి ఎగిరి టపటపా పడితే చూసేవాళ్లకి సంబరమే గానీ ఊపిరితిత్తికి ఒరిగేదేం లేదు. మొదటి బంతిని, ఓపిక వచ్చాక రెండోదాన్ని, రెండుమూడు సెకన్లు పైనే నిలపగలిగితే అదే అసలు పని.

మెలకువగా ఉన్న ప్రతి గంటకీ పదిసార్లు చేయమంటారు. మధ్యమధ్య ఆగండి, గబగబా చేస్తే కళ్లు తిరుగుతాయి. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకి చేస్తే సులువు. చివర్లో దిండుని ఎదకి గట్టిగా హత్తుకుని దగ్గి కఫం తీసేయాలి. కుట్లు ఊడతాయని దగ్గు మింగేయకండి, ఆ దిండు ఉన్నది అందుకే.

మిషన్ ఒక్కటే కాపాడుతుందనుకోవద్దు. వైద్య పరిశోధనలని జల్లెడ పట్టే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష, బైపాస్ రోగులపై జరిగిన అధ్యయనాలని 2012లో మళ్లీ పరిశీలించి, మిగతా శ్వాస వ్యాయామాలకంటే ఇది మేలని ఆధారం దొరకలేదని తేల్చింది. లేచి నడవడం, లోతుగా ఊపిరి తీయడం, దగ్గడం కూడా ఉండాల్సిందే. నా లెక్కలో మిషన్ గొప్పంతా బంతి కళ్లెదుట కనబడి బద్ధకాన్ని వదిలించడమే.

ఇల్లు చేరాక "ఎట్టుండావు మామా" అంటూ వచ్చేవాళ్లలో జలుబు, దగ్గు ఉన్నవాళ్లని గుమ్మం బయటి నుంచే పలకరించమనండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనవైపు ముసురు పడితే తలుపులన్నీ మూసి లోపల దోమల కాయిల్ వెలిగిస్తారు. ఆ పొగ వద్దు, దోమతెర కట్టండి. కట్టెల పొయ్యికి, పొగాకు బ్యారన్లకి, చీమకుర్తి వైపైతే క్వారీ దుమ్ముకి దూరంగా ఉంచండి. మనవడు బంతులతో ఆడుకుంటానని ఏడ్చినా ఇవ్వొద్దు, ఒకరి గొట్టం ఇంకొకరు నోట పెట్టకూడదు. నోట్లో పెట్టుకునే ముక్కని రోజూ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి.

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, పచ్చటి కఫం, గాయం నుంచి చీము, కదిలినప్పుడు ఎదఎముక టక్కుమనడం, వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి అదేరోజు ఫోన్ చేయండి. కూర్చున్నచోటే ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.