మెడ ఆపరేషన్: ఎప్పుడు చేయించాలి, తర్వాత ఎలా చూసుకోవాలి

మా అమ్మాయి తల కుడి భుజం మీదికి వాలి, గడ్డం ఎడమకు తిరిగి ఉండేది. చెవి వెనక నుంచి కాలర్ ఎముక దాకా దిగే కండరం కుడివైపు పొట్టిగా ఉండటమే కారణం. డాక్టర్లు టార్టికోలిస్ అన్నారు.

ఆపరేషన్‌కు తొందరపడకండి. పుట్టిన మొదటి నెలల్లోనే వ్యాయామాలు మొదలుపెడితే ఎక్కువమంది పిల్లలకు కత్తి అవసరమే రాదు. ఆరు నెలలు శ్రద్ధగా చేయించినా, ఏడాది నిండినా మెడ పూర్తిగా తిరగకపోతే, కండరం తాడులా చేతికి తగులుతుంటే అప్పుడు సర్జన్‌ను అడగాలి. అలాగని నాన్చనూ కూడదు. 1 నుంచి 4 ఏళ్ల మధ్య చేయిస్తే ముఖం ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి కాబట్టి తల ఒకవైపే వాలి ఉండటం వల్ల చదునైన చెంప చాలావరకు సర్దుకుంటుంది. "పెద్దయితే అదే పోతుంది" అన్న మా అత్తగారి మాట పట్టుకుని మేము ఒక ఏడాది పోగొట్టుకున్నాం. కంటి కండరాల లోపం వల్లా, మెడ ఎముకల తేడా వల్లా తల వాలవచ్చు. ముందే ఆ రెండూ పరీక్ష చేయించండి. ఉన్నట్టుండి ఒకరోజు మెడ వంకరపోతే అది వేరే సంగతి, వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

ఆపరేషన్ అంటే మత్తు ఇచ్చి, కాలర్ ఎముక పైన చిన్న కోత పెట్టి, బిగిసిన కండరాన్ని కోసి వదులు చేయడం. అసలు పని ఇంటికి వచ్చాకే.

మాకు రెండో వారంలో వ్యాయామాలు మొదలుపెట్టమన్నారు. నొప్పి అని మానేస్తే లోపల మచ్చ కట్టి మళ్లీ బిగుస్తుంది. స్నానం చేయించి, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు పడుకోబెట్టేవాళ్లం. ఆయన కుడి భుజం కదలకుండా పట్టుకునేవారు. నేను తలను మెల్లగా ఎడమ భుజం వైపు వంచి, పది లెక్కపెట్టి వదిలేదాన్ని. ఆ తర్వాత గడ్డం కుడివైపు తిప్పేదాన్ని. విదిలించకూడదు. ఏడుస్తూ బిగుసుకుంటే ఆగి, కథ చెప్పి, మళ్లీ. ఇలా ఆరు నెలలు. మెడ పట్టీ ఇస్తే గడ్డం కింద చర్మం రోజూ చూడండి, ఎర్రబడుతుంది. కోత దగ్గర వాపు, చీము, లేదా జ్వరం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

నాకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. కండరం సాగినా పాప తల వాల్చే ఉంచేది, ఎందుకంటే తనకు అదే నిటారు! అద్దం మీద నిలువుగా ఎర్ర టేపు అంటించి, "నీ ముక్కు గీత మీద ఉందా?" అని అడిగేదాన్ని. ఇప్పటికీ నిద్ర ముంచుకొస్తే తల కుడికి జారుతుంది. టేపు ఇంకా తీయలేదు.