ల్యాప్‌టాప్ తెర ఎంత ఉండాలి, టచ్ అవసరమా: కొనే ముందు తేల్చుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్ తెరను ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా కొలిచి అంగుళాలలో చెబుతారు. ఆ ఒక్క అంకెను నమ్ముకుంటే పొరబడతాము. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9 గల 15.6 అంగుళాల తెర ఎత్తు సుమారు 19.4 సెంటీమీటర్లు కాగా, 16:10 నిష్పత్తి గల 14 అంగుళాల తెర ఎత్తు సుమారు 18.8 సెంటీమీటర్లు. అందువల్ల ఎక్కువగా చదవడం, రాయడం చేసేవారికి చిన్న తెరలోనూ దాదాపు అన్నే వరుసలు కనిపిస్తాయి. ఎక్సెల్‌లో ఎన్నో నిలువు వరుసలతో పనిచేసేవారికి, వీడియోలు ఎడిట్ చేసేవారికి మాత్రం వెడల్పు ముఖ్యం కనుక 15.6 లేదా 16 అంగుళాలే మేలు.

పని ఏమిటో తేలాక మీ సంచిని కొలవండి. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ వెడల్పు దాదాపు 36 సెంటీమీటర్లు ఉంటుంది. 14 అంగుళాలది ఏ4 కాగితం పొడవు కన్నా కాస్త ఎక్కువ. ఆ కొలతకు ఒక అట్టముక్క కత్తిరించి సంచిలో పెట్టి చూస్తే సందేహం తీరిపోతుంది. బరువు సంగతి కొట్లో తెలియదు, ఛార్జర్‌తో సహా భుజాన వేసుకుని బస్సులో నిలబడినప్పుడు తెలుస్తుంది.

తరువాత అక్షరాల పరిమాణం చూడాలి. 1920×1080 పిక్సెళ్లు (తెర మీది చిన్న చుక్కలు) 13.3 అంగుళాల తెరలో ఇరుక్కున్నప్పుడు అక్షరాలు మరీ చిన్నవై, విండోస్‌లో స్కేలింగ్‌ను, అంటే అక్షరాలను, బొమ్మలను పెద్దవి చేసి చూపే అమరికను, 125 లేదా 150 శాతానికి పెంచవలసి వస్తుంది. 150 శాతం దగ్గర ఆ తెరలో 1280×720కి సరిపడా చోటే మిగులుతుంది. పైగా తెలుగులో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి కాబట్టి, కొట్లోనే ఒక తెలుగు పేజీ తెరిచి, ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటలు ముందుకు వంగకుండా చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.

ఇక టచ్. నిలువుగా ఉన్న తెరను తాకుతూ పనిచేస్తే కొంతసేపటికే చేయి లాగుతుందని యాపిల్ సంస్థ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ 2010లోనే అన్నారు. ఆ మాట ఇప్పటికీ చాలావరకు నిజమే. తెర పూర్తిగా వెనక్కి తిరగని మామూలు ల్యాప్‌టాప్‌కు టచ్ ఉన్నా, మొదటి వారం ముచ్చట తీరాక వేలు తిరిగి టచ్‌ప్యాడ్ మీదికే పోతుంది. తెరను పూర్తిగా వెనక్కి తిప్పి పలకలా ఒళ్లో పెట్టుకోగలిగితే, పెన్నుతో లెక్కలు చేసి చూపే ఉపాధ్యాయులకు, బొమ్మలు వేసేవారికి అది నిజంగా పనికొస్తుంది. అటువంటిది ఎంచుకుంటే పెన్ను పెట్టెలోనే వస్తుందా, విడిగా కొనాలా అని అడగండి. తెర పైభాగాన్ని వేలితో నొక్కి, అది ఎంతగా ఊగుతుందో గమనించండి. మెరిసే గాజులో ట్యూబ్‌లైటు ప్రతిబింబం కళ్లలో పడుతుందేమో కూడా చూడండి. టచ్ తెర పగిలితే మార్చడానికి మామూలు తెరకన్నా ఖర్చు ఎక్కువవుతుందని గుర్తుంచుకోండి.

అమ్మేవారు టచ్ ఉందని చెబితే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. అక్కడ ‘పెన్ అండ్ టచ్’ అన్న చోట అసలు సంగతి రాసి ఉంటుంది.