20లో 1/4 అంటే 4 అంటున్నారా? భిన్నాల దగ్గర పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో, ఏం చెయ్యాలో

పలాసలో సాయంత్రాలు నాలుగు, ఐదు క్లాసుల పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. ఒక మాట ముందే చెప్పేస్తా, తప్పు ఆన్సర్ చెప్తే వెంటనే కొట్టేయకండి, ఆ తప్పు నంబర్ ఏంటో చూడండి, ఎక్కడ తేడా వచ్చిందో సగం దాంట్లోనే తెలిసిపోద్ది.

సమస్య: 20లో 1/4 అడిగితే 4 అంటున్నారు

ఎందుకు: కింద 4 కనిపించగానే నాలుగేసి కుప్పలు పెట్టేస్తున్నారు. మనకి కావాల్సింది నాలుగు వాటాలు, వాళ్ళు పెట్టేది వాటాకి నాలుగు. కొంతమందిలో ఇది బయటికే రాదు, ఎందుకంటే నాలుగేసి పెట్టి కుప్పలు లెక్కపెట్టి 5 అని కరెక్టే చెప్పేస్తారు, మనమూ వచ్చేసిందిలే అని ముందుకెళ్ళిపోతాం, తర్వాత 20లో 3/4 అడిగితే 12 అంటారు. అంటే నాలుగేసి ఉన్న కుప్పలు మూడు తీసారన్నమాట. 12 వినబడిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. ఇంకోటి, 9లో 1/3, 16లో 1/4 లాంటివి టెస్టుకి ఇవ్వకండి, ఎలా చేసినా అదే నంబర్ వచ్చి తప్పు దాక్కుండిపోద్ది.

ఏం చెయ్యాలి: పిక్కలు చేతికి ఇచ్చేముందే వాటాలకి చోటు చూపించాలి. నేలమీద చాక్‌పీస్‌తో నాలుగు గళ్ళు గీసి, 20 చింతపిక్కలు ఇచ్చి, పేకముక్కలు పంచినట్టు గడికొకటి చొప్పున అయిపోయేదాకా వెయ్యమనండి. ఒక గడిలో ఎన్ని? 5. మూడు గళ్ళలో? 15. తర్వాత 12తో, 24తో, 36తో గళ్ళు మార్చి మార్చి చేయించండి. "ఏటి టీచరూ, ఇది పంచడమేగా" అని వాళ్ళే విసుక్కునేదాకా వదలొద్దు. అన్నట్టు, పలాసలో ఉన్నాం కదా అని జీడిపిక్కలు మాత్రం ఇవ్వకండి, ఆ పెంకులో ఉండే జీడి తగిలితే చేతులు పొక్కిపోతాయి. జీడిపప్పు ఇస్తే లెక్క అయ్యేలోపు పప్పు ఉండదు. చింతపిక్కలే బెస్టు.

సమస్య: పిక్కలతో చేసేస్తారు, నోటుబుక్కులో మాత్రం రాదు

ఎందుకు: నేలమీద పంచడం నుంచి తిన్నగా భాగహారానికి దూకించేసాం, మధ్యలో మెట్టు లేదు.

ఏం చెయ్యాలి: పుస్తకంలో పొడుగ్గా ఒక పట్టీ గీయించండి, పైన 20 రాసి పట్టీని నాలుగు గదులు చెయ్యమనండి. గదులు కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు, స్కేలు పెట్టి కొలిస్తే లెక్క మర్చిపోయి గీతల్లో పడిపోతారు. ప్రతి గదిలో 5 రాయించి, దాని కింద 20 ÷ 4 = 5 రాయించాలి. పట్టీ ఎప్పుడు మానెయ్యాలో వాళ్ళకే తెలుస్తుంది, మనం తొందరపెట్టక్కర్లేదు.

సమస్య: 24లో 2/3 అంటే 8 దగ్గర ఆగిపోతారు, లేదా 12 అంటారు

ఎందుకు: 8 అంటే ఒక వాటా కనుక్కుని పైనున్న 2ని మర్చిపోయారు. 12 అంటే మొదట 2 కనిపించింది కాబట్టి దాంతోనే భాగించేసారు. రెండూ వేరు వేరు తప్పులు, ఒకే మందు పనిచేస్తుంది.

ఏం చెయ్యాలి: పైనున్న లవాన్ని వేలితో మూసేయండి, కింద 3 మాత్రమే కనిపించాలి. ముందు ఒక వాటా ఎంతో చెప్పించి, అప్పుడు వేలు తీసి "ఇలాంటివి ఎన్ని కావాలి" అని అడగండి. లవం, హారం అనే పేర్లు తర్వాత చూసుకోవచ్చు. పావుగంటంటే 15 నిమిషాలని, ముప్పావుగంటంటే 45 అని చాలామందికి ముందే తెలుసు, అది 60లో 3/4 అని చూపిస్తే మొహం వెలిగిపోద్ది.

సమస్య: 1/4 కంటే 1/8 పెద్దది అంటారు

8 పెద్ద నంబర్ కదా, అందుకు. 24 పిక్కలు నలుగురికి పంచితే ఎంత, ఎనిమిది మందికి పంచితే ఎంత అని చేయించండి చాలు.

సమస్య: 56లో 1/7 దగ్గర బిగుసుకుపోతారు

ఇది భిన్నాల సమస్య కాదు, ఏడో ఎక్కం సమస్య. 20లో 1/4 గడగడా చెప్తుంటే ఎక్కాలు చదివించండి, భిన్నాలు మళ్ళీ మొదట్నుంచి చెప్పక్కర్లేదు.

సమస్య: 22లో 1/4 అని వాళ్ళే అడిగి ఇరుక్కుంటారు

మొదట్లో మీరైతే ఇలాంటివి ఇవ్వకండి, సమంగా పంచుకునే నంబర్లే ఇవ్వండి. వాళ్ళే అడిగితే మాత్రం దాటెయ్యొద్దు. తలా 5 వేసాక 2 మిగుల్తాయి, చింతపిక్కని కొయ్యలేం కాబట్టి ఆ రెండింటి బదులు రెండు చపాతీలు పెట్టి నలుగురికి పంచమనండి, తలా ఐదున్నర అని వాళ్ళే చెప్తారు.