మిమోసా సెంటు అరగంటకే మాయమైతే: సమస్య - పరిష్కారం

కొట్టుకున్న అరగంటకే వాసన పోతోంది

ముందు కాగితం మీద చూశారా? నన్ను అడిగేవాళ్లలో దాదాపు ఎవరూ చూసి ఉండరు. మందపాటి డ్రాయింగ్ షీటు నుంచి వేలెడు ముక్క కత్తిరించి, చివర ఒక్కసారి కొట్టి, టైము రాసి పక్క గదిలో పెట్టండి. రెండు గంటలయ్యాక కాసేపు బయట తిరిగొచ్చి వాసన చూడండి. కాగితం మీద ఉంటే సీసా బాగున్నట్టే. ఈ చిన్న పని చేయకుండా డూప్లికేట్ అంటగట్టాడని కొట్టువాడి మీదకు వెళ్తారు.

కాగితం మీద కూడా లేకపోతే లేబుల్ చదవండి. కొలోన్ అయితే అందులో సువాసన పదార్థం సుమారు 2 నుంచి 5 శాతమే, చెన్నై ఎండకు అది నిలవదు. ఓ ద పర్ఫ్యూమ్ కొనండి, అందులో 15 శాతం పైమాటే. అయినా మిమోసా స్వభావమే మెతక. ఇది మన తుమ్మకు చుట్టం, పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఊటీ కొండల మీద పసుప్పచ్చ బంతుల్లా విరగబూసే చెట్లలో ఇదీ ఒకటి. సెంటు కోసం పండించేది మాత్రం ఎక్కువగా ఫ్రాన్స్ దక్షిణాన, గ్రాస్ దగ్గరి కొండల్లో. అక్కడ జనవరి నుంచి మార్చి మధ్య పూస్తుంది. ఆ పూలను ద్రావకంలో వేసి సారం తీస్తారు. కాస్త తేనె, కాస్త పౌడరు, అప్పుడే కోసిన దోసకాయ పచ్చివాసన. అంతకు మించి ఘాటు కావాలంటే చెన్నైలోనే ట్రిప్లికేన్ వెళ్లి అత్తరు కొనుక్కోవడమే.

కాగితం మీద ఉంది, ఒంటి మీద మాత్రం తెలియడం లేదు

అసలు దొంగ ఇక్కడ దొరుకుతాడు: బట్టల కండిషనర్. ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు.

మిమోసా సెంట్లలో పూల వాసన ముందే ఎగిరిపోతుంది. చివరిదాకా నిలిచేది చాలావాటిలో మస్క్, అంటే కస్తూరి తరహా వాసన. ఉతికిన బట్టలకు ఆ 'శుభ్రమైన' వాసన రావడానికి కండిషనర్లలో, డిటర్జెంట్లలో వేసేదీ అదే కోవలోది. ఆ వాసన పట్టిన దిండు గలీబులో రాత్రంతా ముక్కు పెట్టి పడుకుంటారు. లేచాక అదే వాసన తువ్వాలుతో మొహం తుడుచుకుంటారు, అదే వాసన కుర్తీ వేసుకుంటారు. ముక్కు దానికి అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. ఇంక సెంటులో మిగిలిన మస్క్ ఏం తెలుస్తుంది? దీనికి తోడు చాలా మిమోసా సెంట్లలో వయొలెట్ పువ్వు వాసనిచ్చే అయనోన్లు ఉంటాయి. వాటికి ముక్కును కాసేపు మొద్దుబార్చే గుణం ఉంది. రెండూ కలిస్తే సీసా ఖాళీ అవుతున్నా వాసన లేదనే అనిపిస్తుంది.

వేళచ్చేరిలో మా పిన్ని గొడవ ఇదే. వాసన రావట్లేదని ఆరేడు సార్లు కొట్టుకుని వెళ్లేది. "పిన్నీ, ఆఫీసులో పక్క సీటావిణ్ణి అడిగావా?" అంటే, "ఆవిడ తలనొప్పని సీటు మార్చుకుందిరా" అంది!

ఈ ఫిర్యాదులు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ. ఈశాన్య రుతుపవనం వానలకు బట్టలు ఆరక ముక్కవాసన వేస్తాయి. అది పోవడానికి ఒక మూత పోసేవాళ్లు రెండు మూతలు పోస్తారు. సీసా మారలేదు, చర్మం మారలేదు, ఉతుకు మారింది.

ఏం చేయాలంటే, కండిషనర్ మానేసి, వాసన లేని డిటర్జెంట్‌తో రెండు జతల బట్టలు, తువ్వాలు, గలీబు ఉతికి, అదనంగా ఒకసారి జాడించండి. గలీబు మర్చిపోవద్దు. మానేశాను, తేడా లేదు అనేవాళ్లలో చాలామంది గలీబు అలాగే ఉంచేస్తారు. మెషీన్ డ్రాయర్ బయటికి లాగి చూడండి, కండిషనర్ పోసే గడిలో జిగురులా పేరుకుని ఉంటుంది. వేడినీళ్లతో, పాత బ్రష్‌తో కడగండి. నూలు బట్టకు పట్టిన వాసన ఒక్క ఉతుకుతో వదలదు, వారం పది రోజులు ఓపిక పట్టాలి. ఆ తర్వాత కూడా మీ ముక్కును నమ్మకండి. పొద్దున రెండంటే రెండుసార్లు కొట్టుకుని, మధ్యాహ్నం మీ ఇంట్లో ఉండని మనిషిని అడగండి.

చెమట పట్టగానే పుల్లగా మారుతోంది

స్నానం చేసి తడి ఆరకముందే కొట్టుకుంటున్నారు. ఫ్యాను కింద ఒళ్లు ఆరాక, చంకలకు దూరంగా, మోచేతి మడతలో కొట్టుకోండి. కాగితం మీద కూడా మొదటి క్షణంలోనే టర్పెంటైన్ ఘాటు వస్తుంటే సీసా ఎండకు పాడైంది. స్కూటర్ డిక్కీలో, కారులో పెడితే అంతే. దానికి మందు లేదు, ఇంకోటి కొనండి. కొత్తది అట్టపెట్టెతో సహా బీరువాలో పెట్టండి.

తలలో పూలున్నప్పుడు తేలిపోతోంది

తేలిపోతుంది మరి. మూర మల్లెపూల ముందు మిమోసా ఎంత? పూలు పెట్టుకున్న రోజు సెంటు జోలికి పోకండి.

మిగతావి

ఫార్ములా మారింది, నా ఒంటి తత్వానికి పడదు, మణికట్లు రుద్దుకోవడం వల్ల పాడైంది... వీటి గురించి టెన్షన్ వద్దు, చాలా అరుదు. కొందరికి కొన్ని రకాల మస్క్ పుట్టుకతోనే తెలియదు. ఉతుకు మార్చాక కూడా పక్కవాళ్లకు తెలిసి మీకు తెలియకపోతే అదే అయ్యుండొచ్చు. మస్క్ తక్కువున్న రకానికి మారండి.

తెల్ల చొక్కా మీద పసుపు మచ్చ పడితే అది సెంటు లోపం కాదు. అసలు మిమోసా సారానికే పసుపు గోధుమ రంగు ఉంటుంది. పట్టుచీర మీదైతే అసలు కొట్టొద్దు. చీర కట్టకముందే ఒంటికి కొట్టుకుని, పూర్తిగా ఆరాక కట్టుకోండి.