వెలిసిపోయిన ఎర్ర మియాటాకి మళ్ళీ మెరుపు

నాది 1990 మోడల్ మాజ్డా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. అరిజోనా ఎండకి బానెట్, డిక్కీ మూత ఎరుపు పోయి గులాబీ రంగుకి దిగాయి. వేలితో రుద్దితే సుద్దపొడిలా అంటుకునేది. చూసినవాళ్ళంతా కొత్తగా పెయింట్ వేయించమన్నారు. నాకు మనసొప్పలేదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇన్నేళ్ళు నిలిచింది, చేతులారా ఎలా గీకించేస్తాం?

ముందు మీ పెయింట్ ఏ రకమో చూసుకోండి. కనపడని చోట తెల్లగుడ్డ మీద కాస్త పాలిష్ వేసి రుద్దండి. గుడ్డకి ఎరుపు అంటితే పైన క్లియర్ కోట్, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పొర, లేదన్నమాట. దీన్నే సింగిల్ స్టేజ్ పెయింట్ అంటారు. ఎండ నేరుగా రంగు మీదే పడుతుంది కాబట్టి వెలిసిపోతుంది, కానీ ఆ చచ్చిన పొర కింద అసలు ఎరుపు ఉంటుంది. మీ కారుకి క్లియర్ కోట్ ఉండి, అది పొరలుగా లేస్తుంటే మాత్రం పాలిష్ పనిచేయదు, మళ్ళీ పెయింట్ వేయించాల్సిందే.

కారు నీడలో పెట్టి, రేకు చల్లబడ్డాక షాంపూతో కడగండి. తర్వాత షాంపూ నీళ్ళు చల్లుతూ క్లే బార్‌తో (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద), అరచేతికి గరుకు తగలనంత వరకు మెల్లగా తుడవండి. అంచులన్నిటికీ మాస్కింగ్ టేప్ అంటించడం మానొద్దు. అక్కడ పెయింట్ పలచగా ఉంటుంది. ఇంతకుముందు ఒక షాపులో ఇస్తే రోటరీ మిషన్‌తో (ఒకే కేంద్రం చుట్టూ గిరగిరా తిరిగే పాలిషర్) హెడ్‌లైట్ మూత అంచుని రంగు కింద ఉండే ప్రైమర్ పొర తేలేదాకా అరగదీశారు. ఇప్పటికీ అటు చూస్తే బాధేస్తుంది. పెయింట్ మందం కొలిచే మీటర్ కొనేవాళ్ళకి ఒక మాట: మియాటా బానెట్ అల్యూమినియం, ఇనుము మీద మాత్రమే పనిచేసే మీటర్ దానికి పనికిరాదు.

ఇక మిషన్ జోలికి వెళ్ళేముందు పెయింట్‌కి నూనె పట్టించాలి, తలస్నానానికి ముందు మాడుకి పట్టించినట్టు. నేను మెగ్వయర్స్ కంపెనీ నంబర్ 7 గ్లేజ్ వాడాను, పెయింట్‌కి నూనె పట్టించే ద్రవం అది. పాత టర్కీ టవల్ ముక్కతో దండిగా, గట్టిగా రుద్ది రాత్రంతా వదిలేశాను. టవల్ కుంకుమ నీళ్ళలో ముంచినట్టయింది. పొద్దున తుడిచి చూస్తే, రాసినచోట ముదురు ఎరుపు, రాయనిచోట గులాబీ, మధ్యలో గీత గీసినట్టుంది. ఆ గీత చూశాక నాకు టెన్షన్ పోయింది. బానెట్‌కి రెండోసారి కూడా పట్టించాను.

తర్వాత డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషర్, అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మిషన్, మెత్తటి ఫోమ్ ప్యాడ్, పెయింట్‌ని తక్కువగా అరగదీసే పాలిష్ చాలు. రెండడుగుల చదరంలో, బఠాణీ గింజంత నాలుగు చుక్కలు వేసి, నెమ్మదిగా అడ్డంగా, ఆపై నిలువుగా నడపండి. ఒక్కో చదరం అయ్యాక ప్యాడ్‌ని బ్రష్‌తో దులపండి. లేకపోతే ఊడిన రంగు ప్యాడ్‌లో గడ్డకట్టి కొత్త గీతలు పెడుతుంది. బంపర్లు ప్లాస్టిక్‌వి, త్వరగా వేడెక్కుతాయి, అక్కడ చెయ్యి తేలిగ్గా ఆనించండి. లోతైన గీతల వెంట పడకండి. వాటి కోసం అరగదీసిన పెయింట్ మళ్ళీ రాదు.

చివర్లో కార్నూబా వ్యాక్స్ (ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) పలచగా పూయండి. నాకు మొత్తం రెండు శనాదివారాలు పట్టింది. కవర్ కప్పేముందు కారు మీద దుమ్ము లేకుండా చూసుకోండి, గాలికి కవర్ కదిలితే ఆ దుమ్మే గీతలు పెడుతుంది.